నిన్నటి ఊరికి తిప్పిన మర

అనగనగా పాలకొల్లు దగ్గర కాలవ గట్టు మీద ఒక ఊళ్ళో, జేబులో పదకొండు వేల రూపాయలున్న కుర్రాడొకడు ఉండేవాడు. పేరు ఏలియా. ఎంత పెద్ద లెక్కయినా వేలు మడవకుండా చెప్పేసేవాడు. ఆ డబ్బులో పదివేలు పోసి ఒక పాత బేస్ గిటారు కొన్నాడు. మిగిలినదాంతో దానికో సంచీ, ఒక జత తీగలూ తెచ్చుకున్నాడు.

బేస్ గిటారంటే తెలుసా చిట్టీ? పొడుగాటి మెడ, దాని మీద అడ్డంగా సన్నటి ఇనప మెట్లు, వాటి పైన నాలుగు లావుపాటి తీగలు. అది మోగిందంటే చెవి కంటే ముందు కడుపులో తెలుస్తుంది. ఆ మెడ కర్రతో చేసింది. కర్ర లోపల ఒక ఇనప కడ్డీ ఉంటుంది, కడ్డీ చివర ఒక మర. మర బిగిస్తే మెడ వెనక్కి వాలుతుంది. వదులు చేస్తే తీగలు దాన్ని ముందుకు లాగుతాయి. ఇదంతా ఏలియా తనే చూసి, తనే తిప్పి నేర్చుకున్నాడు.

అప్పుడు జోగారావు గారని, పెళ్ళిళ్ళలో పాటకచేరీలు చేసే ఆయన, ఏలియాని తన ఆర్కెస్ట్రాలోకి రమ్మన్నాడు. అక్కడ కీబోర్డు వాయించేవాడు బాబ్జీ.

"బేసెందుకండీ గురువు గారూ, నా ఎడం చెయ్యి ఖాళీగానే ఉందిగా," అన్నాడు బాబ్జీ. కీబోర్డు మీద ఎడం చేత్తో ఆ లావుపాటి మోతలు తెప్పించొచ్చులే.

జోగారావు గారు ఇద్దరినీ చూశాడు. "మూడు పెళ్ళిళ్ళు చూస్తాను. మూడోదాంట్లోనూ కుదరకపోతే బాబ్జీ ఎడం చెయ్యే," అన్నాడు.

ఏలియాకి ఆ ఆర్కెస్ట్రాలో చోటు కావాలి. ఊళ్ళో ఒంటరిగా బేస్ వాయిస్తే ఎవరు వింటారు? పాట పక్కన ఉంటేనే దానికి విలువ.

మొదటి పెళ్ళి ఆదోనిలో. మే నెల ఎండ, పెదవులు పగిలేంత పొడిగాలి. ఇంటి దగ్గర కాలవ గాలికి సరిచేసిన మెడ, అక్కడ తడారిపోయి వెనక్కి వాలిపోయింది. తీగలు మెట్లకి ఆనుకున్నాయి. ఏ తీగ మీటినా డబ్బాలో తుమ్మెద పడ్డట్టు బర్రుమంది. ఏలియా మెల్లిగా వాయించాడు, ఇంకా మెల్లిగా వాయించాడు, చివరికి వాయిస్తున్నట్టు నటించాడు. బాబ్జీ ఎడం చెయ్యి పని చేసింది.

ఆ తర్వాత తిరుగు ప్రయాణంలో, వ్యాన్లోనే, ఏలియా మర అర చుట్టు వదులు చేశాడు. తీగలు మెట్ల మీంచి లేచాయి. లెక్క సరిపోయిందనుకున్నాడు.

రెండో పెళ్ళి కాకినాడలో, సముద్రం ఒడ్డున. చొక్కా ఒంటికి అంటుకుపోయే గాలి. కర్ర ఆ తడి తాగి ముందుకు వంగింది. అసలే వదులు చేసిన మెడ, ఇంకాస్త వంగింది. తీగలు బట్టలారేసే తాడులా ఎత్తున నిలబడ్డాయి. గట్టిగా నొక్కితే స్వరం పక్కకి పోయేది, నొక్కకపోతే పలికేదే కాదు. రెండో పాటకే వేళ్ళు బొబ్బలెక్కాయి.

"ఏరా అబ్బాయ్, గిటారు వాయిస్తన్నావా, నూతిలో నీళ్ళు తోడుతున్నావా?" అన్నాడు బాబ్జీ. ఎడం చెయ్యి మళ్ళీ పని చేసింది.

మూడో పెళ్ళి మర్నాడే, తునిలో. పెళ్ళివారు లాడ్జీలో ఏసీ గది ఇచ్చారు. పొద్దున్న దిగగానే ఏలియా గిటారు తీశాడు. తీగని రెండు చివర్లా నొక్కిపట్టి, మధ్యలో తీగకీ మెట్టుకీ సందున ఆర్కెస్ట్రా విజిటింగ్ కార్డు దూర్చి చూశాడు. కార్డు ఆనీ ఆనకుండా దూరితే మెడ సరిగా ఉన్నట్టు. ఇప్పుడక్కడ నాలుగు కార్డులు పట్టేలా ఉంది. మర అర చుట్టు బిగించాడు. కార్డు సరిగ్గా పట్టింది. తృప్తిగా ఇడ్లీ తినడానికి వెళ్ళాడు.

తిరిగొచ్చి ఊరికే ఇంకోసారి చూశాడు. కార్డు దూరలేదు.

ఎవరైనా తిప్పారేమోనని అడిగాడు. బాబ్జీ దుప్పటిలోంచే, "నీ గిటారు మెడ పట్టుకునే తీరిక నాకెక్కడిది, నిద్ర సరిపోక చస్తంటే," అన్నాడు. ఏలియా మర కొంచెం వదులు చేశాడు. కార్డు దూరింది. స్నానం చేసొచ్చి చూస్తే మళ్ళీ దూరలేదు.

అప్పుడు ఏలియా మంచం మీద కూర్చుని ఆలోచించాడు. చుట్ల లెక్క తప్పలేదు. ఏసీ గాలికి కర్ర ఇంకా ఆరుతూనే ఉంది. కాలవ గాలికి తిప్పింది ఆదోనికి తీసుకెళ్ళాను. ఆదోనికి తిప్పింది కాకినాడ తీసుకెళ్ళాను. ఇప్పుడు ఈ గదికి తిప్పి పందిట్లోకి తీసుకెళ్తాను. ప్రతిసారీ దాటొచ్చిన చోటుకే తిప్పుతున్నాను.

ఆ తర్వాత అతను ఇంకేమీ తిప్పలేదు. గిటారు భుజాన వేసుకుని, భోజనం కూడా మానేసి, పెళ్ళి పందిట్లోకి వెళ్ళిపోయాడు. వేదిక ఇంకా కడుతున్నారు. గిటారుని సంచీలోంచి తీసి, ఎండ పడని చోట స్టాండు మీద నిలబెట్టి, పక్కన కూర్చున్నాడు.

వంటమేస్త్రి అటుగా వచ్చాడు. "భోజనాలు సాయంత్రం బాబూ. ఇప్పుడే కూచున్నావేంటి?"

"గిటారుకి గాలి పట్టిస్తున్నానండి."

"దానికేం, జొరమా?"

"మెడ పట్టేసిందండి."

వంటమేస్త్రి కాసేపు గిటారునీ, కాసేపు ఏలియానీ చూసి, గ్లాసుడు మజ్జిగ పంపించాడు.

ఏలియా కార్డు దూర్చి చూశాడు. చోటు పెరుగుతోంది. చెయ్యి మర మీదకి వెళ్ళింది, వెనక్కి తీసుకున్నాడు. ఇంకాసేపు ఆగి చూశాడు. ఇంకొంచెం పెరిగింది. మళ్ళీ ఆగాడు. అతనికి అంతసేపు ఊరికే కూర్చోవడం చేతకాదు, ఎదురుగా కడుతున్న వేదికకి ఎన్ని గుంజలు పడతాయో లెక్కపెట్టి, కట్టేవాళ్ళకి చెప్పి తిట్లు తిన్నాడు. పొద్దు వాలేసరికి చోటు పెరగడం ఆగిపోయింది. అప్పుడు, అంతవరకూ ఆగి, మర పావు చుట్టు బిగించాడు. మళ్ళీ ఆగాడు. కార్డు ఆనీ ఆనకుండా దూరింది. అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత శ్రుతి చేసుకున్నాడు.

కచేరీ మొదలైంది. బాబ్జీ అలవాటుగా ఎడం చెయ్యి కీబోర్డు మీద పెట్టాడు. కింద నుంచి ఇంకో మోత, వెడల్పుగా, నిలకడగా వచ్చింది. ముందు వరసలో కూర్చున్నవాళ్ళ కుర్చీల్లోకి పాకింది. రెండు మోతలూ ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. బాబ్జీ ఏలియా వైపు చూశాడు. రెండో చరణానికి ఆ చెయ్యి తీసి, ఒళ్ళో పెట్టుకున్నాడు.

సామాన్లు సర్దేటప్పుడు జోగారావు గారు ఏలియా దగ్గరికి వచ్చాడు. "శనివారం అరకులో పెళ్ళి. అక్కడ చలి, మంచు. వ్యాను పొద్దున్నే బయల్దేరుతుంది, నీకూ సీటుంది," అన్నాడు.

"నేను శుక్రవారమే వెళ్ళి ఉంటానండి," అన్నాడు ఏలియా.

"అంత ముందెందుకు రా?" అన్నాడు బాబ్జీ.

"ఇది అక్కడో రాత్రి పడుకోవాలి అన్నా."

శుక్రవారం పొద్దున్న అరకు బస్సు వచ్చి ఆగింది. ఏలియా గిటారుని గుండెకి ఆనించుకుని, తల వంచి, మెట్టు మీద కాలు పెట్టబోయాడు.

కథేమో కంచి బస్సెక్కింది,
నిద్రేమో నీ రెప్పలెక్కింది,
ఇక నీ మెడ నా మోచేతి మీద పెట్టు తల్లీ.