కత్తి లేని పడవ

ఏడు కెరటాలకు ఆవల, ఏడు తరాలకు వెనుక, వేలాపురం అనే రేవు పట్టణం ఉండేది. దానికి రాజు రత్నకేతుడు. గుర్రపు స్వారీలో ఆయనకు సాటి లేరు. కళ్లెం మణికట్టుకు చుట్టి పట్టాడంటే ఎంతటి పొగరుబోతు గుర్రమైనా లొంగవలసిందే.

ఒక ఏడు ఆయనకు వింత కోరిక పుట్టింది. దక్షిణాన పగడాల దీవులకు విహారం వెళ్లాలి. అక్కడి నీలపు నీళ్లలో కొమ్ముకోనెం అనే పెద్ద చేపను తన చేత్తో గేలం వేసి పట్టాలి. ఈటెలాంటి ముక్కు, గాలివాన లాంటి పరుగు దానిది.

పడవ నడిపే సరంగుగా ఎర్రయ్య అనే బెస్తవాణ్ణి నియమించారు. రేవంతా సంబరపడింది. అతని తల్లి నూకాలమ్మ మాత్రం పొయ్యి ముందు కూలబడిపోయింది. ఆ రాజ్యంలో ఒక శాసనం ఉంది మరి. పడవ మీద రాజుకు ప్రాణహాని జరిగితే సరంగు తల తీస్తారు. ఆమెకు ఉన్నది ఒక్కడే కొడుకు.

గేలపు తాళ్లు పేనడానికి నూకాలమ్మ పెట్టింది పేరు. రాజుగారి గేలానికని మూడు పేటల తాడు పేని, చుట్ట చుట్టి, భుజాన వేసుకుని కోటకు వెళ్లింది. వాకిట్లో కావలివాడు ఆమె బొడ్డున దోపుకున్న చిన్న కత్తి తీసేసుకున్నాడు.

"రాజుగారి ఎదుట ఇనుప మొన ఉండకూడదవ్వా. మేమే కత్తులు ఇక్కడ పెట్టి లోపలికి పోతాం."

"మరి పడవ మీదో, నాయనా?"

"పడవైనా రాజుగారి ఎదురే కదా!"

నూకాలమ్మ తాడు చుట్ట సర్దుకుని లోపలికి నడిచింది.

లోపల మంత్రి ప్రియంవదుడు ప్రయాణపు జాబితా చదువుతున్నాడు. పచ్చళ్లు పదహారు రకాలు. దిండ్లు అరవై. వీణలు మూడు. రాజుగారు చేపను పట్టిన ముచ్చట బొమ్మ గీయడానికి చిత్రకారుడు ఒకడు.

"కత్తి ఏదయ్యా?" అంది నూకాలమ్మ.

"కూరలు ఇక్కడే తరిగి పట్టుకెళ్తాం ముసలమ్మా! నీకెందుకా బెంగ?" అన్నాడు మంత్రి. సభ గొల్లున నవ్వింది.

ఆమె చుట్టూ చూసింది. ఇంతమంది పెద్దలు, ఇన్ని దిండ్లు! చివరికి రాజు కేసి తిరిగి చేతులు జోడించింది.

"మారాజా, మా రేవులో గేలం పట్టినవాడి మోకాలి పక్కన కత్తి లేనిదే పడవ కదలదు. తాడు చేతికి బిగిస్తే కోసెయ్యాలి. లేదంటే చేపతో పాటు మనిషీ నీళ్లలోకి పోతాడు."

రాజు చిరునవ్వు నవ్వాడు. "నేను చేపను పట్టడానికి వెళ్తున్నానవ్వా, వదలడానికి కాదు."

"అయితే ఒక్కసారి తాడు పట్టి చూపించండి దొరా."

రాజుకు సరదా పుట్టింది. సభంతా పెరట్లోని మోటబావి దగ్గరకు కదిలింది. నూకాలమ్మ తాడు ఒక కొసను మోట ఎద్దు కాడికి కట్టి, రెండో కొసను రాజు చేతికిచ్చింది.

"వేళ్ల సందున జారనివ్వాలి. చేతికి చుట్టకూడదు."

రాజు తలూపాడు. కానీ అలవాటు పడిన చెయ్యి మాట వింటుందా? కళ్లెం అనుకుంది. దానంతట అదే తాడును మణికట్టుకు మూడు చుట్లు చుట్టేసింది.

"వద్దు దొరా, విప్పండి!" అని అరిచింది నూకాలమ్మ.

"మదపుటేనుగులనే ఆపిన చెయ్యి అది! ఎద్దొక లెక్కా?" అంటూ మంత్రి ఎద్దు వీపున ఒక్కటి చరిచాడు.

ఎద్దు బెదిరి పల్లానికి పరుగెత్తింది. రాజు బోర్లా పడ్డాడు. కిరీటం ఒకవైపు, చెప్పులు ఒకవైపు. దుమ్ములో ఈడ్చుకుపోతుంటే సభకు సభే కొయ్యబారిపోయింది.

"కత్తి! కత్తి!"

మూడు వందల చేతులు మూడు వందల నడుములు తడుముకున్నాయి. అన్నీ ఖాళీ ఒరలే. మంత్రి తాడు మీద పడి పళ్లతో కొరికాడు. పన్ను ఊడింది గానీ తాడు తెగలేదు.

పల్లం చివర ఎద్దు తనంతట తానే ఆగింది.

ముందుగా చేరుకున్నది నూకాలమ్మే. గబగబా చుట్లు విప్పింది. తాడు ఒరుసుకుని మణికట్టు ఎర్రగా చీరుకుపోయి ఉంది. ఇక తన తల దక్కదనుకుంది.

రాజు దుమ్ములోనే కూర్చుని ఎద్దు వైపు తెల్లబోయి చూశాడు.

"ఎందుకు ఆగిందవ్వా?"

"మోట లాగి రోజూ ఆగే చోటు అదే దొరా. ఎద్దుకు ఆగే చోటుంది. కొమ్ముకోనెంకు సముద్రమంతా ఉంది."

రాజు తన పరివారాన్ని ఒక్కొక్కరినే చూశాడు. ఇంతమందిలో తనను కాపాడగలిగినవాడు ఒక్కడూ లేడు.

"ప్రభూ, అది మన ఆచారం..." అని నసిగాడు మంత్రి, నోటికి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని.

"ఎదుట నిలిచిన శత్రువు నుంచి ఆ ఆచారం నన్ను కాపాడుతుంది. తాడు అవతల ఉన్నదాని నుంచి కాపాడదు" అన్నాడు రాజు. "నేటి నుంచి నీళ్ల మీద రేవు కట్టుబాటే రాజశాసనం. సరంగు తల తీసే శాసనం రద్దు."

గాయం మానేదాకా ప్రయాణం ఆగింది. ఆ తరువాత నెల రోజులు రాజు ప్రతి ఉదయం ఎద్దుకు తాడు కట్టి, జారవిడవడం నేర్చుకున్నాడు. మొదట చెయ్యి మొరాయించింది. మెల్లగా దారికొచ్చింది.

దీవుల దగ్గర మూడో రోజున కొమ్ముకోనెం గేలానికి తగిలింది. జాము సేపు లాగింది. హఠాత్తుగా తాడు మెలిపడి రాజు వేళ్లకు బిగిసింది. ఆయన "కొయ్యి ఎర్రయ్యా!" అని అరిచాడు. ఎర్రయ్య కోశాడు. చేప వెండి మెరుపులా ఎగిరి మాయమైంది.

పడవ రేవుకు తిరిగివచ్చింది. నూకాలమ్మ మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఉంది.

"ఏం తెచ్చారు మారాజా?"

"నీ కొడుకును తెచ్చానవ్వా. నన్ను నీ కొడుకు తెచ్చాడు."

వేడుకకు వంద ఏర్పాట్లు చేసినా, ఆపదకు ఒక్కటి చేయనివాడు ఏమీ చేయనట్టే. ఆ ఒక్కటి గుర్తుచేసిన మాటే అసలైన మేలు.