గోరింక మోసిన మాట

అనగనగా, కొండల నడుమ ఒక అడవి. ఆ అడవిలో ఒక ఏరు. ఆ ఏటికి ఎగువన ఒక మడుగు, దిగువన ఒక మడుగు. ఎగువ మడుగు అడవిదున్నలది. దిగువ మడుగు చుక్కల దుప్పులది. ఎవరి నీళ్ళు వాళ్ళవి. ఎవరి దేవుడు వాళ్ళకు.

దుప్పుల దేవుడు సూర్యుడు. ఆయన్ని పొద్దుసామి అనేవి. తెల్లారేసరికి దుప్పులన్నీ మడుగు ఒడ్డున వరసగా నిలబడేవి. తల వంచి, చెవి కూడా కదపకుండా, పొద్దు కొండ ఎక్కేదాకా మౌనంగా ఉండేవి. ఆ వేళ చప్పుడు చేస్తే పొద్దుసామికి అవమానం.

దున్నల దేవత ఏరు. ఆమెను నీళ్ళమ్మ అనేవి. తెల్లారగానే దున్నలన్నీ రొమ్ము లోతు నీళ్ళలోకి దిగి, మూడుసార్లు గట్టిగా రంకె వేసేవి. రంకె వేయకపోతే నీళ్ళమ్మకు పూజ చేయనట్టే.

ఈ రెండు మందలకూ చుట్టం లాంటిది ఒక గోరింక. పేరు నాంచారి. పొద్దున దున్నల వీపుల మీద వాలి పిడుదులు ఏరి తినేది. మధ్యాహ్నం దుప్పుల కాళ్ళ వెంట తిరుగుతూ, గడ్డిలోంచి లేచే మిడతల్ని పట్టుకునేది. గుడ్డు పగిలి రెక్కలొచ్చిన నాటి నుంచీ ఇలా తిరగడం వల్ల ఆమెకు రెండు భాషలూ వచ్చు. దుప్పుల మాట దున్నలకు తెలియదు. దున్నల మాట దుప్పులకు తెలియదు. అందుకని ఇటు కబురు అటు, అటు కబురు ఇటు నాంచారే మోసేది. పులి అడుగులు కనబడ్డాయనో, లేతగడ్డి మొలిచిందనో, అలాంటి చిన్న చిన్న కబుర్లు.

అలా ఉండగా మూడేళ్ళు వరసగా వానలు లేవు. ఎగువ మడుగు ముందు బురదయింది. తర్వాత పగుళ్ళిచ్చింది. దున్నలు పిల్లల్నీ ముసలివాళ్ళనీ వెంటబెట్టుకుని దిగువ మడుగుకు వచ్చాయి. రాక ఏం చేస్తాయి? దాహం వేస్తే నీళ్ళున్న చోటికే కదా పోవాలి!

దుప్పులు అడ్డు చెప్పలేదు. "పాపం, తాగనీ," అనుకున్నాయి. కానీ మర్నాడు తెల్లవారింది. దుప్పులు మౌనంగా నిలబడ్డాయి. దున్నలు నీళ్ళలోకి దిగి రంకె వేశాయి. కొండ దద్దరిల్లింది. దుప్పి పిల్లలు బెదిరి పొదల్లో పడ్డాయి.

"మన పూజ చెడగొట్టడానికే అరుస్తున్నారు," అన్నాయి దుప్పులు.

"మన పూజ చూసి ఓర్వలేక మొహం తిప్పుకుంటున్నారు," అన్నాయి దున్నలు.

రెండో రోజూ అంతే. మూడో రోజు ఒక మగ దుప్పి కోపం పట్టలేక ఒక దున్నను డొక్కలో పొడిచింది. ఆ దున్న దాన్ని ఎత్తి ఒడ్డున పడేసింది. ఇద్దరికీ రక్తాలు కారాయి.

దుప్పులకు పెద్ద సూరమ్మ. ముసలిదే అయినా మాట మహా పదును. ఆమె నాంచారిని పిలిచింది.

"ఒసే నాంచారీ! వెళ్ళి ఆ గంగులుతో చెప్పు. బురదలో పొర్లే మొద్దులకు దేవుడంటే ఏం తెలుసట? రేపు మళ్ళీ అరిచారంటే ఈ మడుగులో వాళ్ళకు చుక్క నీళ్ళు లేవు!"

గంగులు దున్నలకు పెద్ద. నాంచారి అతని దగ్గరికి ఎగురుతూ అనుకుంది, "ఈ మాట ఇలాగే చెబితే కొంపలంటుకుంటాయి. కాస్త తీపి కలిపితే తప్పేముంది?"

"అన్నా! దుప్పులకు మీరంటే ఎంతో గౌరవమట. కాస్త నెమ్మదిగా అరవమని బతిమాలుతున్నారు," అంది.

"గౌరవముంటే మా పూజ మమ్మల్ని చేసుకోనివ్వమను," అన్నాడు గంగులు. "మా రంకె ఎవరి కోసమూ తగ్గదు. మళ్ళీ కొమ్ము విసిరితే తొక్కి పారేస్తామని చెప్పు."

నాంచారి తిరిగి వచ్చింది. సూరమ్మతో ఇలా అంది. "అక్కా, రేపటి నుంచి అరవరట. నీకేం దిగులొద్దు."

"రేపటికి కోపాలు చల్లారిపోతాయిలే," అని తన మనసుకు తానే చెప్పుకుంది.

మర్నాడు ఏమైందో వినండి. సూరమ్మ గోరింక మాట నమ్మింది. రెండు రోజులుగా వెనక దాచిన పిల్లల్ని నీళ్ళ అంచుకు తెచ్చి నిలబెట్టింది. వాళ్ళలో ఆమె మనవరాలు చుక్కి కూడా ఉంది. పుట్టి నాలుగు నెలలే. పొద్దు కొండ వెనక ఎర్రబడుతోంది. అంతలో దున్నలు నీళ్ళలోకి ఉరికి ఒక్కసారిగా రంకె వేశాయి. పిల్లలు చెల్లాచెదురయ్యాయి. చుక్కి బురదలో కాలుజారి, వెనకగా దిగుతున్న ఒక దున్న కాళ్ళ మధ్య పడింది. ఆ దున్న కావాలని తొక్కలేదు. ఆగాలని చూసింది, ఆగలేకపోయింది. చుక్కి కాలు విరిగింది.

"అరవరన్నావు కదే!" అని సూరమ్మ ఏడుస్తూ నాంచారి మీద మండిపడింది.

"ఏమంటోంది ఆమె?" అని గంగులు అడిగాడు.

నాంచారి ఇటు చూసింది, అటు చూసింది. ఏం చెబుతుంది? ఇటు చెప్పినా అటు చెప్పినా తన అబద్ధమే బయటపడుతుంది. చివరికి తడబడుతూ ఇద్దరికీ నిజం చెప్పింది.

"మా మాట మార్చడానికి నువ్వెవరు?" అన్నాడు గంగులు.

"ఇంకెప్పుడూ నీ మొహం చూపించకు," అంది సూరమ్మ.

దుప్పులు ఊరుకోలేదు. కొండకు అవతల ఉన్న తమ చుట్టాలకు కబురు పంపాయి. పెద్ద కొమ్ముల మగ దుప్పులు వంద వస్తాయి. అవి రాగానే యుద్ధం. దున్నలు కూడా పిల్లల్ని వెనక్కి పంపి, పోతుల్ని ముందు నిలబెట్టాయి.

నాంచారి ఏరుమద్ది కొమ్మ మీద ముడుచుకుని కూర్చుంది. "నేను మంచికే కదా అలా చెప్పాను," అని సర్దిచెప్పుకోబోయింది. కింద చుక్కి నొప్పికి మూలుగుతోంది. ఆ మూలుగు వింటూ అలా సర్దిచెప్పుకోవడం ఆమె వల్ల కాలేదు.

రెక్కలున్నాయి. మరో అడవికి పోవచ్చు. పిలిచేవాళ్ళు లేరు, ఆపేవాళ్ళు లేరు. కానీ నాంచారి ఎక్కడికీ పోలేదు. కొమ్మ దిగి చుక్కి దగ్గరికే వెళ్ళింది.

"అక్కా, తప్పు నాది," అంది సూరమ్మతో. "మీ కోపం వాళ్ళకు చెప్పలేదు. వాళ్ళ కోపం మీకు చెప్పలేదు. ఇద్దరినీ మోసం చేశాను."

సూరమ్మ కాలితో ఒక్క తన్ను తన్నింది. నాంచారి దూరంగా పడి, లేచి, రెక్క దులుపుకుంది. మళ్ళీ వచ్చింది. చుక్కి గాయం మీద వాలే ఈగల్ని ఒక్కొక్కటే ముక్కుతో పట్టి తీసేసింది. మర్నాడూ వచ్చింది. సూరమ్మ పలకరించలేదు. కానీ తన్నలేదు కూడా.

మూడో రోజు సూరమ్మే అడిగింది. "ఇంకా ఎందుకొస్తున్నావు?"

"ఒక మాట అడగాలని ఉందక్కా. ఇన్నేళ్ళు మీ మధ్య తిరిగాను. పొద్దున మీరు మౌనంగా ఎందుకు నిలబడతారో ఏ రోజూ అడగలేదు. ఎందుకు?"

సూరమ్మ చుక్కి ఒళ్ళు ఒకసారి నాకింది. తర్వాత చెప్పింది.

"మా తాతల నాడు అడవి అంటుకుంది. పొగలో తల్లులకు పిల్లలు కనబడలేదు. అందరూ అరుస్తూ పరిగెత్తారు. ఎవరు ఎక్కడున్నారో తెలియలేదు. అప్పుడు ఒక ముసలమ్మ, 'అందరూ ఆగండి, నోళ్ళు మూయండి,' అంది. ఆగారు. ఆ నిశ్శబ్దంలో పిల్లల దగ్గు వినబడింది. ఎవరి బిడ్డ దగ్గరికి వాళ్ళు వెళ్ళారు. అంతలో పొగ చీల్చుకుని పొద్దుసామి వచ్చి దారి చూపించాడు. అందుకే రోజూ ఆ వేళకు మేము మాట్లాడం. మా పిల్లల ఊపిరి వింటాం."

నాంచారి "ఊఁ" కొడుతూ చివరిదాకా విన్నది. మధ్యలో ఒక్క మాట కూడా అడ్డు రాలేదు. అక్కడి నుంచి గంగులు దగ్గరికి వెళ్ళింది.

"ఈసారి ఏం మార్చి చెప్పడానికి వచ్చావు?" అన్నాడు గంగులు.

"చెప్పడానికి రాలేదన్నా, వినడానికి వచ్చాను. మూడుసార్లే ఎందుకు రంకె వేస్తారు?"

గంగులు మొదట మొహం తిప్పుకున్నాడు. ఆమె కదల్లేదు. చివరికి మెల్లగా చెప్పాడు. వింటూ వింటూ నాంచారి కళ్ళు నిండాయి.

"అన్నా, ఈ మాట నేను మోయను. నువ్వే వచ్చి సూరమ్మకు చెప్పు."

"ఆమె వింటుందా?"

వింటుందనే మాట నాంచారి నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకుంది. "తెలియదన్నా," అంది. "నాకు తెలియదు."

ఆ మాట విని గంగులు ఆమె వైపు కొత్తగా చూశాడు. "సరే, వస్తాను," అన్నాడు.

అతను చెప్పేది వినడానికి సూరమ్మ కూడా ఒప్పుకుంది. ఆ మధ్యాహ్నమే కొండ అవతలి దుప్పులు వచ్చేశాయి. మడుగు పక్క ఇసుకలో ఇటు వంద కొమ్ములు, అటు కొండల్లాంటి దున్నలు. వాళ్ళ నడుమ నేల మీద నాంచారి. ఒక్క డెక్క పడితే చాలు, ఆమె ఇక ఉండదు.

"ఇవాళ నేను మీ నోరు మాత్రమే," అంది, రెండు భాషల్లోనూ. "ఒక్క మాట కలపను, ఒక్క మాట తీయను. తిడితే తిట్టినట్టే చెబుతాను. సమ్మతమేనా?"

"సమ్మతమే," అన్నారిద్దరూ.

సూరమ్మ ముందుకు వచ్చింది. "ఆ రోజు నేను మిమ్మల్ని బురదలో పొర్లే మొద్దులన్నాను. ఆ మాట నీ దాకా రాలేదట. ఇప్పుడు నాంచారిని చెప్పమను."

నాంచారి ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా ఉన్నదున్నట్టు చెప్పింది.

గంగులు బుస కొట్టాడు. ఇసుక ఎగిరింది. తర్వాత అన్నాడు, "బురదలో పొర్లేది నిజమే. జోరీగలు కుడతాయి మరి. మొద్దులమో కాదో, మాట్లాడాక చెప్పమను."

ఒక దుప్పి పిల్ల కిసుక్కున నవ్వింది. సూరమ్మకు కూడా నవ్వొచ్చింది గానీ దాచుకుంది. ఆ తర్వాత అడవి అంటుకున్న కథ చెప్పింది. పిల్లల ఊపిరి వినే సంగతి చెప్పింది.

"మేము అరిచేది ఆ వేళలోనా?" అన్నాడు గంగులు. తర్వాత తన కథ మొదలుపెట్టాడు.

"మా తాతల నాడు ఏరు పొంగింది. మా దూడలు ముగ్గురు కొట్టుకుపోయారు. తల్లులు నీళ్ళలోకి దిగి రంకె వేశారు, ఆ గొంతు పట్టుకుని ఒడ్డు చేరతారని. మొదటి రంకెకు ఒకడు వచ్చాడు. రెండో రంకెకు ఇంకొకడు వచ్చాడు."

గంగులు నీళ్ళ వైపు తిరిగాడు.

"మూడోవాడు?" అని అడిగింది సూరమ్మ.

"రాలేదమ్మా. మూడో రంకె వాడి కోసం. ఎన్ని తరాలైనా పిలుస్తూనే ఉంటాం."

ఈ మాట చెప్పబోయి నాంచారి మధ్యలో ఆగింది. రెండోసారికి గానీ చెప్పలేకపోయింది. విన్న సూరమ్మ చుక్కి వైపు చూసింది. కొండ అవతలి నుంచి వచ్చిన మగ దుప్పులు ఎప్పుడు తలలు దించాయో ఎవరూ చూడలేదు.

గంగులు చుక్కి దగ్గరికి వచ్చి ముందు కాళ్ళు మడిచి కూర్చున్నాడు. "బిడ్డా, నిన్ను తొక్కింది మావాడే. కావాలని కాదు. అయినా నొప్పి నీదే కదా. పొరపాటయింది తల్లీ," అన్నాడు. సూరమ్మ వైపు తిరిగి, "పొద్దు కొండ ఎక్కేదాకా మేము ఒడ్డునే ఆగుతాం. తర్వాతే నీళ్ళలోకి దిగుతాం," అన్నాడు.

"మీ మూడో రంకె అయ్యేదాకా మేమూ కదలం," అంది సూరమ్మ.

మర్నాడు అలాగే జరిగింది. మధ్యలో ఒక బుడ్డ దూడ ఆగలేక "అంబా" అంది. వాళ్ళమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. దుప్పులు మాత్రం విననట్టు ఊరుకున్నాయి.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. ఎగువ మడుగు నిండింది. దున్నలు తమ చోటికి తాము వెళ్ళిపోయాయి. ఎవరి దేవుణ్ణి వాళ్ళు కొలుచుకున్నారు. ఎవరూ తమ పూజ మార్చుకోలేదు. చుక్కి కాలు అతుక్కుంది గానీ కుంటడం పోలేదు.

నాంచారి పేరు అడవంతా పాకింది. ఇప్పచెట్ల దగ్గర ఎలుగులూ పందులూ పోట్లాడుకుంటే ఆమెకే కబురొచ్చింది. కోతుల్లో తగువైతే ఆమెనే పిలిచారు. ఎక్కడికి వెళ్ళినా ఆమె ముందు తన తప్పే చెప్పుకునేది. "నేనొకసారి మాట మార్చాను. ఒక పసిపిల్ల కాలు విరిగింది. అందుకే ఉన్నదే చెబుతాను. ఇష్టమైతేనే ఉంటాను," అనేది. అన్ని తగవులూ తీరాయని నేను చెప్పను. కొన్ని చోట్ల ఆమెను తరిమేశారు. ఒక చోట రాళ్ళు విసిరారు. ఆమె మళ్ళీ వెళ్ళేది.

ముసలితనం వచ్చి రెక్కల బలం తగ్గాక దున్నలు ఆమెను వీపు మీద ఎక్కించుకుని తీసుకెళ్ళేవి. పొదల్లో దారి చూపిస్తూ ముందు చుక్కి నడిచేది. చేరాక నాంచారి ఇద్దరి నడుమ నేల మీద దిగి, కాస్త ఊపిరి పీల్చుకుని అనేది.

"తొందరేం లేదు నాయనా. నీ మాట చెప్పు. వింటాను."

నీతి: తీపి కలిపి మార్చిన మాట తగవును ఒక పూట దాచగలదు, అంతే. ఎదుటివారి నమ్మకాన్ని ఓపికగా విని, ఉన్నదున్నట్టు చెప్పే మాటే మనసులను కలుపుతుంది.