ఎదురుపడిన చీమలు ఎందుకు ఆగుతాయి?

ఒకప్పుడు చీమలు బారులు కట్టి నడిచేవి కావు. ఏ చీమ దారి ఆ చీమదే. ఎదురుగా ఇంకో చీమ కనిపిస్తే, ఏదో పని గుర్తొచ్చినట్టు పక్కకి తిరిగి వెళ్ళిపోయేది.

ఇళ్ళు కూడా అంతే. ఒక్కో చీమకి ఒక్కో బొరియ, ఒక్కో బొరియకి ఒక్కో మట్టి తలుపు. ఇప్పటిలా బోలెడు చీమలు ఒకే పుట్టలో ఉండటం అప్పుడు లేదు. ఉంటే తెల్లారేసరికి తగవులాడుకునేవి.

అప్పట్లో చీమకి పొట్ట కూడా ఒక్కటే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీంతో తర్వాత పనుంది.

ఆ రోజుల్లో చీమలకి ఒక మర్యాద ఉండేది. ఎవరింట్లో ఏముందో అడగకూడదు. "తిన్నావా?" అని అసలే అడగకూడదు. అలా అడిగితే "మీ ఇంట్లో తిండి లేదటగా?" అని ఎత్తిపొడిచినట్టు లెక్క. మనం పొద్దున లేచిన దగ్గర్నుంచి కనిపించిన వాళ్ళందర్నీ అడిగే మాట అది. చీమలకి మాత్రం అది తిట్టు.

ఈ మర్యాద వల్ల ఏమయ్యేదంటే, బెల్లం దొరికిన చీమ ఏడాదంతా బెల్లమే తినేది. నూకలు దొరికిన చీమ నూకలే తినేది. ఒక్క చీమ ఎంతని తింటుంది? మిగిలిందంతా బూజు పట్టేది. దాన్ని ఎవరూ చూడకుండా పెంట మీద పడేసి, మూతి తుడుచుకుని ఇంటికొచ్చేది.

చెరుకుతోట గట్టున, బెల్లం వండే పాక గోడ కింద, అలాంటి బొరియలు చాలా ఉండేవి. వాటిలో ఒకటి పోలమ్మది.

పోలమ్మ నోరున్న చీమ. ఎవరేమన్నా ఆవిడ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. పాక పక్కనే ఇల్లు కాబట్టి బెల్లానికి కొదవ లేదు. ఒక గది నిండా బెల్లం ముక్కలు పేర్చుకుంది. పొద్దున్నే లేచి వాటిని ఒకసారి చూసుకోకపోతే ఆవిడకి ఏమీ తోచేది కాదు.

పక్క బొరియ అచ్చియ్యమ్మది. పోలమ్మ కంటే చిన్నది, నెమ్మదస్తురాలు. ఆమెకి తెల్లగా, మెత్తగా, నూకగింజల్లా ఉండే పిల్లలు. చీమపిల్లలకి కాళ్ళుండవు. ఎవరైనా నోట్లో పెడితే తింటాయి, లేకపోతే అలాగే పడుంటాయి.

ఆ ఏడు వాన వచ్చి కూర్చుంది.

"ఇక వెళ్ళవా?" అని చెరుకుతోట అడిగింది.

"తొందరేముంది? ఇప్పుడే కదా వచ్చాను" అంది వాన. కదల్లేదు.

నేలంతా చెమ్మ పట్టింది. పోలమ్మ బెల్లం ముందు చెమ్మగిల్లింది. తర్వాత మెత్తబడింది. చివరికి పాకమై గదిలో పారింది. పోలమ్మ మోకాళ్ళ లోతు పాకంలో నిలబడి, ఎవర్ని తిట్టాలో తెలియక గోడని తిట్టింది.

అప్పుడు తలుపు సందులోంచి గాలి దూరింది. గాలి సంగతి మీకు తెలుసుగా, పిలవకపోయినా వస్తుంది.

"పోలమ్మా, నీ బెల్లం పులుస్తోంది" అంది గాలి.

"నా బెల్లం, నా ఇష్టం. నిన్నెవరు అడిగారు?"

"ఎవరూ అడగలేదు. అన్ని ఇళ్ళ వాసనలూ నా మీదుగానే పోతాయి, అందుకని తెలుస్తుంది. గండుచీమ భద్రయ్య ఇంట్లో వేరుశనగ పలుకులకి బూజు పట్టింది. ఆ చివరింట్లో కొబ్బరి ముక్కిపోయింది. నీ ఒక్కదానికే అనుకోకు."

ఆ కబురు పోలమ్మకి కాస్త హాయిగానే ఉంది. "మరి అచ్చియ్యమ్మ ఇంట్లోనో?" అని అడిగింది. అడగకూడదన్న మర్యాద గాలి దగ్గర పట్టించుకోనక్కర్లేదు అనుకుందేమో.

"ఆ ఇంట్లోంచి కొన్నాళ్ళుగా ఏ వాసనా రావడం లేదు" అంది గాలి.

పోలమ్మ మీసాలు ఆడించడం ఆపేసింది. "రాకపోవడమేంటి? ఇవాళ పొద్దున కూడా చూశాను. నోరు ఆడిస్తూ, మూతి తుడుచుకుంటూ బయటికొచ్చింది."

"నోరు ఆడించింది, సరే. నోట్లో ఏముందో చూశావా?"

పోలమ్మ తలుపు సందులోంచి పక్క బొరియ వైపు తొంగిచూసింది.

నేరుగా వెళ్ళి అడగడానికి వీల్లేదు. "తిన్నావా?" అంటే అచ్చియ్యమ్మ ఇక జన్మలో మొహం చూడదు. పోలమ్మ కాసేపు ఆలోచించింది. తోట గట్టు మీద బల్లలాంటి రాయి ఒకటుంది. అక్కడ సంత పెడితే? అందరూ మిగిలింది తెచ్చి పెడతారు, అందరూ కావలసింది తీసుకుంటారు. ఆ అందరిలో అచ్చియ్యమ్మ కూడా తీసుకుంటుంది. ఎవరికీ ఏమీ అనిపించదు.

గాలి ఇంటింటికీ వెళ్ళి చాటింపు వేసింది. "రేపు వాన తెరిపి ఇస్తే రాతి మీద సంత! మిగిలింది తెండి, కావలసింది తీసుకెళ్ళండి! అమ్మేది లేదు, కొనేది లేదు!"

మర్నాడు వాన తెరిపి ఇచ్చింది. చీమలన్నీ వచ్చాయి. తేవడంలో ఎవరూ ఎవరికీ తగ్గలేదు. మినప్పప్పు, జొన్నలు, కొబ్బరి తురుము, ఎండిన ఈగ రెక్క. భద్రయ్య తన గండుతల మీద పెద్ద వేరుశనగ పలుకు మోసుకొచ్చి ధబీమని దించాడు.

పోలమ్మ దాన్ని వాసన చూసింది. "ఇదేంటయ్యా, బూజు?"

"మా ఇంట్లో ఎలాగూ పనికిరాదు. ఇంకెవరికైనా పనికొస్తుందేమోనని" అన్నాడు భద్రయ్య.

"నువ్వు తినంది ఇంకోళ్ళు ఎందుకు తింటారు? పోయి మంచిది తీసుకురా."

భద్రయ్య గొణుక్కుంటూ వెళ్ళి మంచిది తెచ్చాడు. రాతి మీద కుప్ప పెరిగింది. పోలమ్మ కూడా కరగని బెల్లం ముక్కలు ఏరి తెచ్చి ముందువైపు పెట్టింది. చూడటానికి పెళ్ళిపందిట్లో వడ్డనకి సిద్ధం చేసినట్టే ఉంది.

అంతా బాగానే ఉంది. ఒక్కటే తక్కువ. ఎవరూ ఏమీ తీసుకోలేదు.

"కొబ్బరి తీసుకో భద్రయ్యా" అంది పోలమ్మ.

"నాకెందుకు? మా ఇల్లు నిండుగా ఉంది."

"జొన్నలు తీసుకోండమ్మా."

"అయ్యో, మాకు ఎక్కువైతేనే కదా ఇక్కడికి తెచ్చాం!"

అన్నీ కుప్ప వైపు చూస్తున్నాయి. కుప్ప వైపు ఎవరు చూస్తున్నారో కూడా చూస్తున్నాయి. ముందు ఎవరు ముట్టుకుంటే వాళ్ళింట్లో తిండి లేనట్టే కదా! పెట్టడానికి పరుగెత్తుకొచ్చిన చీమలు తీసుకోవడానికి ఒక్క అడుగు ముందుకు వేయలేదు.

అచ్చియ్యమ్మ అందరికంటే ఆఖరున వచ్చింది. నోట కరిచి ఒక నూకగింజ తెచ్చింది. దాన్ని కుప్ప మీద జాగ్రత్తగా పెట్టింది. తర్వాత బెల్లం ముక్కల వైపు చూస్తూ కాసేపు నిలబడింది.

"తీసుకోవే" అంది పోలమ్మ.

"వద్దక్కా. ఇప్పుడే తినొచ్చాం" అంది అచ్చియ్యమ్మ. మూతి తుడుచుకుని, నోరు ఆడిస్తూ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి వాన తిరిగొచ్చింది. చీమలన్నీ ఇళ్ళకి పరుగెత్తాయి. రాతి మీద కుప్ప మొత్తం నీళ్ళతో కలిసి కాలవలోకి జారిపోయింది.

"ఎంత పని చేశావే!" అని పోలమ్మ వాన మీద అరిచింది.

వాన నిజంగానే ఆశ్చర్యపోయింది. "నాకు పెట్టింది కాదా అది? పొద్దున్నించీ ఎవరూ ముట్టుకోకపోతే నాకోసమే అనుకున్నాను."

పోలమ్మ తడుస్తూ ఆ ఖాళీ రాయి మీదే నిలబడిపోయింది. గాలి వచ్చి పక్కన ఆగింది.

"అచ్చియ్యమ్మ పెట్టిన నూక ఉంది చూశావూ, ఆ ఇంట్లో అదే ఆఖరిది. సంతకి ఉత్త చేతుల్తో రావడం బాగుండదని తెచ్చింది. ఆవిడ పిల్లల్లో అన్నిటికంటే చిన్నది నిన్నటినుంచి కదలడం లేదు."

పోలమ్మకి ఏడుపొచ్చింది. సంత పెట్టకపోయుంటే ఆ నూకైనా ఆ పిల్లకి దక్కేది. ఆ మాట తట్టగానే ఆవిడకి తన మీద తనకే కోపమొచ్చింది. ఇంటికి పరుగెత్తింది.

ఇంట్లో గట్టి బెల్లం ఒక్క ముక్క కూడా మిగల్లేదు. ఉన్నదంతా పాకం. ఆకులో తీసుకెళ్దామంటే వానకి ఆకు నిలవదు. ఇంకేం చేస్తుంది? నోటినిండా పాకం పీల్చుకుని బయల్దేరింది.

మింగకూడదు. ఉమ్మకూడదు. మాట్లాడకూడదు. మూడోదే పోలమ్మకి అన్నిటికంటే కష్టం.

"ఈ వానలో ఎక్కడికి పోలమ్మా?" అని వాన అడిగింది. పోలమ్మ పలకలేదు.

"ఏంటి, నోరు పడిపోయిందా?" అని వెక్కిరించింది. పోలమ్మ నాలుక దురద పెట్టింది. అయినా పలకలేదు.

ఒక్కో చినుకు ఆవిడంత ఉంది. పడి, లేచి, మళ్ళీ నడిచింది. పొద్దున్నించీ సంత హడావుడిలో ఆవిడా ఏమీ తినలేదు. పాకం గొంతులోకి జారి పొట్ట వైపు పోతోంది. "ఆగు, నువ్వు నాకు కాదు" అని మనసులోనే అనుకుని పోలమ్మ నడుం గట్టిగా బిగించింది. పాకం సగం దారిలో ఆగింది. ఆగినచోట చిన్న సంచీలా ఉబ్బింది.

వెళ్ళి అచ్చియ్యమ్మ ఇంటి తలుపుని కాలితో తట్టింది.

అచ్చియ్యమ్మ సందులోంచి చూసింది. "నువ్వా అక్కా? మేం ఇప్పుడే తిన్నాం. తడుస్తున్నావు, ఇంటికెళ్ళు."

పోలమ్మ కదల్లేదు. నోరు ఖాళీగా ఉంటే "ఏం తిన్నావే, నాకు తెలియదనుకున్నావా?" అని ఉండేది. ఆవిడ సంగతి మనకి తెలుసుగా. అలా అనుంటే ఆ తలుపు మరి తెరుచుకునేది కాదు.

గడపలో ఒక మనిషి వానకి తడుస్తూ మాట్లాడకుండా నిలబడితే ఎవరైనా ఎంతసేపు చూస్తూ ఊరుకుంటారు? మనిషికైనా అంతే, చీమకైనా అంతే. అచ్చియ్యమ్మ తలుపు తీసింది.

పోలమ్మ ముందుకొచ్చి మూతికి మూతి ఆనించింది. ఒక చుక్క పాకం అటు జారింది.

అచ్చియ్యమ్మ దాన్ని మింగలేదు. వెనక్కి తిరిగి చిన్నపిల్ల దగ్గరికి పరుగెత్తి దాని నోట్లో పెట్టింది. పిల్ల కదల్లేదు. మళ్ళీ వచ్చి ఇంకో చుక్క తీసుకుని పెట్టింది. కాసేపటికి ఆ తెల్లటి పిల్ల తల ఎత్తి, ఇంకా కావాలన్నట్టు అటూ ఇటూ ఊపింది.

అచ్చియ్యమ్మ గోడకి ఆనుకుని ఏడ్చింది. పిల్లలన్నిటికీ పెట్టాక, అప్పుడు తను తిన్నది.

పోలమ్మ నోరు ఖాళీ అయింది. ఇప్పుడు ఏమైనా అనొచ్చు. కానీ ఆవిడ ఒక్కటే అంది. "గదినిండా ఉందే. ఈ వానలో ఎన్నిసార్లని తిరుగుతాను? మధ్యలో గోడ తవ్వేద్దామా?"

"తవ్వేద్దాం అక్కా" అంది అచ్చియ్యమ్మ.

మర్నాడు వాన కాస్త తగ్గింది. అచ్చియ్యమ్మ చెరుకుపూల పుప్పొడి వెతికి తెచ్చి, గడపలో పోలమ్మకి నోటితో పెడుతోంది. సరిగ్గా అప్పుడే భద్రయ్య అటుగా వచ్చాడు. రెండు చీమలు మూతీ మూతీ ఆనించుకుని ఉండటం ఆయన ఎప్పుడూ చూడలేదు.

"మీలో ఎవరు ఎవరికి పెడుతున్నారు?" అని అడిగాడు.

"నీకెలా కనిపించింది?" అంది పోలమ్మ.

"ఏమీ తెలియడం లేదు. అందుకే అడిగాను."

"అయితే తెలియనక్కర్లేదు. నువ్వు తిన్నావా, భద్రయ్యా?"

దారిన పోయే చీమలన్నీ ఠక్కున ఆగిపోయాయి. అంతమాట! భద్రయ్యకి కోపంతో తల ఇంకా గండుగా అయింది. ఏదో అనబోయి నోరు తెరిచాడు. పోలమ్మ నోట్లోంచి బెల్లం వాసన గుప్పుమంది.

"వేరుశనగ తిన్నాను" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "వేరుశనగ తప్ప ఇంకోటి తిని ఎన్నాళ్ళయిందో, పోలమ్మా."

పోలమ్మ ఒక అడుగు ముందుకేసింది. మూతికి మూతి ఆనించింది. భద్రయ్యకి బెల్లం అందింది. ఊరికే తీసుకోబుద్ధి కాక, తన నోట్లో నలిగిన వేరుశనగ ఆవిడకి పెట్టాడు. దూరంనుంచి చూసినవాళ్ళకి రెండు చీమలు ఏదో గుసగుసలాడుకున్నట్టే కనిపించింది.

ఆగిన చీమలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. "నువ్వు తిన్నావా?" అంది ఒకటి పక్కదాన్ని, చాలా మెల్లగా. "నువ్వో?" అంది అది.

సాయంత్రానికి గట్టంతా అదే సంత. దానికి రాయి అక్కర్లేకపోయింది, కుప్ప అక్కర్లేకపోయింది. వాన ఎంత వెతికినా దానికి ఒక్క గింజ దొరకలేదు. "ఇక్కడ నాకేమీ మిగల్చడం లేదు" అని సణుక్కుంటూ చెరుకుతోట దాటి వెళ్ళిపోయింది. చీమలు ఇళ్ళ మధ్య గోడలన్నీ తవ్వేసుకున్నాయి. బొరియలన్నీ కలిసి ఒక్క పుట్ట అయింది.

అప్పటినుంచే చీమకి రెండు పొట్టలు. ఒకటి తనకి, ఇంకోటి ఎదురొచ్చే చీమకి. పోలమ్మ బిగించిన నడుం ఇప్పటికీ అంత సన్నగానే ఉంది. అప్పటినుంచే చీమలు ఒకే దారిలో బారులు కట్టి నడుస్తాయి, ఎదురుపడితే ఆగి మూతీ మూతీ ఆనించుకుంటాయి. కావాలంటే రేపు గోడ పక్కన వంగి చూడండి. ఎంతసేపు చూసినా, ఏది పెట్టిందో ఏది తిన్నదో మీకు తెలియదు.