సమవర్తి బిరుదు

పొగడపురి అని ఒకానొక రాజ్యం. దాన్ని ఏలే కుముదవర్మ మంచివాడే గాని, పొగడ్తంటే చెవి కోసుకునేవాడు. ఊరి పేరులోనే పొగడ్త ఉంటే పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు.

ఆ రాజు పెట్టిన వైద్య పాఠశాలలో ఏటా ఒక పరీక్ష. నీళ్ళతొట్టిలో అడుగున చిల్లున్న రాగిగిన్నె వదిలేవారు. అది నిండి మునిగేలోగా మూలికల గుణాలు చెప్పే వంద పద్యాలు నిండు సభలో ఒప్పజెప్పాలి. ఒప్పజెప్పినవాళ్ళు వైద్యులు. మిగిలినవాళ్ళ పేర్లు కొట్టేసి ఇంటికి పంపేవారు. నత్తి ఉన్నా, చూపు ఆనకపోయినా, అవే పద్యాలు, అదే గిన్నె.

కొలువులో విదూషకుడు బయ్యన. అతని చెల్లెలు పేరమకు నత్తి. కళ్ళు మూసుకుని వాసన పట్టి ఆకు ఏదో చెప్పగలదు. వీధిలో పిల్లలకు కోరింత దగ్గొస్తే తల్లులు ఆమె దగ్గరికే పరుగెత్తేవారు. పరీక్షలో పదమూడో పద్యం దాకా వచ్చింది. 'కరక్కాయ' అనాలి. "క... క..." దగ్గర ఆగిపోయింది.

రాజు నవ్వాడు. సభ నవ్వింది. రాజు నవ్వితే నవ్వడం కొలువు అలవాటు గనుక బయ్యనా నవ్వాడు. గిన్నె మునిగింది.

ఆ రోజు నుంచి పేరమ నోరు విప్పలేదు. పిలిస్తే చూసేది, పెడితే తినేది, అంతే. బయ్యన మాటలకు ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విడిచేసరికి అతనికి ఒక్క మాటా మిగిలేది కాదు.

అలా ఆర్నెల్లు గడిచాయి. ఒకనాడు రాజు బయ్యనను పిలిపించాడు.

"మాకో బిరుదు వెతకవోయ్. చిన్నా పెద్దా, ఉన్నవాడు లేనివాడు అని చూడకుండా అందరికీ ఒకే కొలత పెడతాం కదా. ఆ గుణం ఒక్క మాటలో రావాలి."

"ఒక్క మాటే ఉంది ప్రభూ. సమవర్తి."

"సమవర్తి," అని రాజు రెండుసార్లు అనుకుని చూశాడు. నోటినిండా ఉంది. ఆస్థాన పండితులు మాత్రం తలలు దించుకుని తమ కాళ్ళు చూసుకున్నారు. చెప్పడానికి ఎవరికి గుండె చాలుతుంది? మర్నాడే ఊరేగింపు అన్నాడు రాజు, ఏర్పాట్లు బయ్యనకే అప్పగించాడు.

మర్నాడు కిరీటం సర్దుకుంటూ బయటికొచ్చేసరికి కోట వాకిట్లో పట్టుబట్ట కప్పి, పూలదండ వేసి, ఓ దున్నపోతు నిలబడి ఉంది. పక్కన పళ్ళెంలో చుట్టచుట్టిన తాడు.

"ఏనుగేదిరా?"

"ఆ బిరుదున్నవారు ఏనుగెక్కరు ప్రభూ. వారి వాహనం ఇదే."

రాజు పండితుల వైపు తిరిగాడు. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "నిఘంటువులో... అది... యమధర్మరాజు పేరే ప్రభూ."

రాజు చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది. "మమ్మల్ని యముడంటావా?"

"నేననలేదు ప్రభూ. తమరడిగిన గుణం ఎవరికుందా అని వెతికాను. పసిబిడ్డ, ముసలమ్మ అని చూడడు. పని సగంలో ఉంది, కాస్త ఆగమంటే ఆగడు. అందరికీ ఒకే తాడు, గడువు తీరితే అంతే. అలాంటివారు ముల్లోకాల్లో ఆయనొక్కరే దొరికారు." బయ్యన గొంతు ఇక్కడ కాస్త తగ్గింది. "ఆయన దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఎలాగూ పోయినవాళ్ళు గనుక చెల్లిపోయింది. పాఠశాలకు వచ్చేవాళ్ళు బతుకుదామని వస్తారు ప్రభూ."

దున్నపోతుకు ఈ గొడవేం తెలుసు? మెడలో దండ అందుకుని నమలసాగింది.

రాజు దాన్ని చూశాడు, తన మెడలోని దండను చూసుకున్నాడు, పగలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటూ, "ఎవరి కోసం రా ఇదంతా?" అన్నాడు.

"మా పేరమ కోసం. పదమూడో పద్యం దగ్గర..."

రాజుకు గుర్తొచ్చింది. మొహంలో నవ్వు మెల్లగా తగ్గిపోయింది. "ఇక మీదట గిన్నె వద్దు," అన్నాడు. "ఎవరికి ఎలా వస్తే అలా చెప్పనీ. నోరు తిరగనివాళ్ళు రోగి చెయ్యి పట్టి చూపించనీ. మీ చెల్లెల్ని పిలుచుకురా. నేనెక్కాల్సిన ఏనుగు నీకిచ్చాను, ఎక్కి ఇంటికి పో."

బయ్యన ఏనుగెక్కలేదు. నడిచే వెళ్ళాడు.

పేరమ చేటలో బియ్యం ఏరుతోంది. అతను ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పాడు. ఆమె తల ఎత్తలేదు. బియ్యం ఏరుతూనే నోరు విప్పింది.

"మ... మరిచిపోదామని చూశానన్నయ్యా. ఒక్క ప... పద్యం కూడా పోలేదు."

"మంచిదేగా తల్లీ."

"నీ న... న..."

ఆ మాటేమిటో బయ్యనకు తెలుసు. అందించబోయి ఆగాడు. ఆమె పెదాలు వణుకుతుంటే చూపు తిప్పుకోకుండా కూర్చున్నాడు.

"నీ నవ్వు కూడా చెవుల్లోంచి పోలేదు," అంది పేరమ.

ఆ మాట పూర్తిగా చెప్పాక, చేట పక్కన పెట్టి, పరీక్ష ఏ రోజని అడిగింది.