మొక్కజొన్న పొత్తుకు గడ్డం ఎలా వచ్చింది

ఒకప్పుడు మొక్కజొన్న పొత్తుకు గడ్డం లేదు. పచ్చటి పొరలు చుట్టుకుని, బోసి మొహంతో కాండాన్ని అంటిపెట్టుకుని ఉండేది.

ఆ రోజుల్లో ఒక కొండవాలున మొక్కజొన్న పండించే గవరయ్య అనే రైతు ఉండేవాడు. ఆ కొండ పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. పోనీండి, మనకు కావలసింది గవరయ్య గడ్డం. అది చెంపల నిండా మొలిచి, గుండెల మీదికి దిగి, నల్లగా గుబురుగా ఉండేది. ఆయన మంచె ఎక్కి ఆ గడ్డం ఒక్కసారి విదిలిస్తే చాలు, చిలకల గుంపు వెనక్కి తిరిగేది. పైనుంచి చూసే చిలకలకు అక్కడున్నది మనిషో ఎలుగుబంటో తెలిసేది కాదు మరి.

ఒక ఏడు సరిగ్గా పొత్తులు కడుతున్నప్పుడు గవరయ్య మంచె మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలికి కట్టు కట్టి ఇంట్లో పడుకోబెట్టారు. కాపలా కొడుకు సూరి మీద పడింది.

సూరి గడ్డం మేకలు మేసి వదిలేసిన గట్టులా ఉండేది. ఇక్కడ నాలుగు వెంట్రుకలు, అక్కడ చిన్న గుబురు, మధ్యలో ఉత్త చర్మం.

ఇంట్లో గాదె ఖాళీ అయింది. విత్తనాలన్నీ ఆ చేలోనే చల్లేశారు. పంట చిలకల పాలైతే ఈ ఏడు తినడానికీ ఉండదు, వచ్చే ఏడు వేయడానికీ ఉండదు. పొయ్యి దగ్గర కూర్చుని తల్లి పైడమ్మ ఆ సంగతే తలుచుకునేది. పైకి మాత్రం అనేది కాదు.

మొదటిరోజు పొద్దున ఒక ముసలి చిలక ఒక్కటే వచ్చి చేను అంచున వాలింది. సూరి వంక తల వాల్చి చూసి ఎగిరిపోయింది. మర్నాడు ఇంకాస్త దగ్గరగా వాలింది.

అది తన గడ్డాన్ని అంచనా వేస్తోందని సూరికి అర్థమైంది. గడ్డం ఒత్తుగా పెరగాలని ఆముదం పట్టించాడు. చెంపలు జిడ్డోడాయి, వెంట్రుక మొలవలేదు. ఎవరో ఉల్లిపాయ రుద్దమన్నారు. రుద్దితే చెంపలు మండి ఎర్రబడ్డాయి. మాటిమాటికీ గొరిగితే ఒత్తుగా వస్తుందన్నారు ఇంకెవరో. గొరిగినన్నిసార్లూ ఎక్కడివి అక్కడే మొలిచాయి, ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయి.

చివరికి బొగ్గు నూరి చెంపలకు దట్టంగా పూసుకుని మంచె ఎక్కాడు. ముసలి చిలక వచ్చింది. ఆ నల్లటి మొహం చూసి ఆగింది. ఒకడుగు వెనక్కి కూడా వేసింది.

సూరి కదలకుండా నిలబడ్డాడు. ఎండ ఎక్కింది. చెమట పట్టింది. బొగ్గు కరిగి చారలు చారలుగా మెడ మీదికి కారింది.

"ఏటి సూరీ, గడ్డం కారిపోతోంది?" అంది చిలక. "రేపు మావాళ్ళందరినీ తీసుకొస్తాను. వాళ్ళు కూడా చూడాలి కదా నీ అందం."

సూరి మంచె దిగి చేను మధ్యలో చతికిలబడ్డాడు. ఇంటికెళ్ళి అయ్యకు ఏం చెప్పాలో తోచలేదు. అప్పుడు పక్కనున్న మొక్కజొన్న పొత్తు పలకరించింది. చిలకలు పొడిస్తే పోయేది తమ ప్రాణమేనని గుర్తుచేసింది.

"నీ గడ్డం మాకివ్వు. పొత్తుకొక వెంట్రుక చాలు," అంది.

సూరి చెంప తడుముకున్నాడు. ఉన్నవే నాలుగు. అవీ ఇచ్చేస్తే రేపు ఆడపిల్ల మొహంతో చిలకల ముందు నిలబడాలి.  అయినా కత్తి తీసి నున్నగా గొరిగేసుకున్నాడు. ఒక్కో వెంట్రుకా ఏరి ఒక్కో పొత్తు కొనలో గుచ్చుకుంటూ పోయాడు. చివరి పొత్తుకు చివరి వెంట్రుక సరిపోయింది.

తెల్లారింది. కొండ వెనక నుంచి పచ్చటి మబ్బులా చిలకలు లేచాయి.

పొత్తు లోపల వెంట్రుక గింజలను పిలిచింది. "నేను ఒక్కదాన్నే ఉన్నాను. తలా ఒక దారం పంపండి."

ఒక గింజ పంపింది. దాన్ని చూసి పక్క గింజ పంపింది. కొన్ని గింజలు మాత్రం బయట రెక్కల చప్పుడు విని భయపడి ముడుచుకున్నాయి. దారాలన్నీ పొరల మధ్యనుంచి పాకి, పొత్తు కొనలోంచి తడితడిగా బయటికి వచ్చాయి.

చిలకలు చేను మీదికి వచ్చేశాయి. నున్నటి మొహంతో సూరి మంచె మీద నిలబడ్డాడు. దిగలేదు.

"ఇవేం గడ్డాలు? ఉత్త పట్టుదారాలు," అంది ముసలి చిలక. "వాలండి."

గుంపు కిందికి దిగింది. ఇంకాస్త దిగింది. ఈలోగా ఎండ తగిలి దారాల కొనలు ఎర్రబడ్డాయి. ఎర్రనివి గోధుమరంగయ్యాయి. చిలకల కాళ్ళు పొత్తులను తాకబోయేసరికి అవి నల్లగా ఎండి వంకర్లు తిరిగాయి. గాలి వీచింది. చేనంతా ఒక్కసారి గడ్డాలు విదిలించింది.

ప్రతి మొక్క దగ్గరా ఒక గవరయ్య.

గుంపు కకావికలై కొండ దాటిపోయింది. అందరికన్నా ముందు ముసలి చిలక పోయింది.

కోత రోజున సూరి మొదటి పొత్తు కాల్చి తండ్రికి తెచ్చాడు. పొరలు ఒలిస్తే వరుసల మధ్య అక్కడక్కడా గింజలు లేవు. సూరి తలొంచుకున్నాడు. గవరయ్య పొత్తును తిప్పి చూశాడు, కొడుకు చెంపల మీద మళ్ళీ మొలుస్తున్న గడ్డాన్ని చూశాడు. ఖాళీలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"అచ్చం నీ గడ్డమేరా," అంటూ కొరికాడు. "తియ్యగా ఉంది. ఇంకోటి కాల్చు."

అప్పటినుంచే మొక్కజొన్న పొత్తుకు గడ్డం ఉంది. అది పట్టులా పుట్టి ఎండకు నల్లబడుతుంది. కావాలంటే లేత పొత్తు ఒలిచి చూడండి, ఒక్కో గింజకూ ఒక్కో దారం. భయపడి దారం పంపని గింజల చోట ఈనాటికీ ఖాళీయే. ఆ ఖాళీలు చూసి పొత్తును పారేసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.