చంద్రరేవు పట్నంలో రెండు పాగాలు

అనగనగా ఒక రాజు ఉండేవాడు, పిల్లలూ. చాలా మంచి రాజు. కానీ మన కథ మొదలయ్యేసరికి ఆయన లేడు. పిల్లలు లేకుండానే కన్నుమూశాడు. ఆయనతోపాటే ఆ పట్నంలో నిమ్మళం కూడా పోయింది.

ఆ పట్నం పేరు చంద్రరేవు. సముద్రం ఒడ్డున నెలవంకలా వంపు తిరిగి ఉండేది. రాజు ఉన్న రోజుల్లో ఆ పట్నం ఎంత బాగుండేదో మా మేనత్త చెబుతుంటే వినాలి. ఓడ కనబడితే చాలు, పెద్దగంట మోగేదట. ఎవరి ఓడ అని అడిగేవాళ్ళు కాదట. వీధులకు వీధులే రేవుకి పరుగెత్తేవట. అల్లం వాసన, ఎండుచేపల వాసన, కొత్త తాళ్ళ వాసన అన్నీ కలిసి ఊరంతా తిరిగేవట. చెబుతూ చెబుతూ మా మేనత్త ఆ వాసన పీల్చినట్టే కళ్ళు మూసుకునేది.

రాజు పోయాక గద్దె ఎవరిదన్న తగాదా వచ్చింది. దేచయ నాయకుడు రాజుగారి అన్న కొడుకు. బొప్పయ నాయకుడు రాజుగారి చెల్లెలి కొడుకు. చిన్నప్పటినుంచీ ఒకే కంచంలో తిన్న బావాబావమరుదులు. ఇప్పుడు గద్దె నాదంటే నాదన్నారు. దేచయ మనుషులు తెల్లపాగాలు చుట్టారు. బొప్పయ మనుషులు ఎర్రపాగాలు చుట్టారు. నీళ్ళ బావులు వేరయ్యాయి. మంగళ్ళు వేరయ్యారు. పెళ్ళి బాజాలు వేరయ్యాయి. వీళ్ళు ఇంటిమీద రాతి బురుజు కడితే వాళ్ళు ఇంకో నిలువు ఎత్తు కట్టేవాళ్ళు. చివరికి వీధుల్లో వడియాలు పెట్టుకుందామంటే ఎండ లేకుండా పోయింది.

"ఇలా కాదు, ఇద్దరికీ కానివాణ్ణి ఒకణ్ణి తీర్పరిగా పిలుచుకోండి" అన్నారు ఊరి పెద్దలు.

ఎక్కడో దూరదేశం నుంచి సుముఖుడనే వాడు వచ్చాడు. ఎప్పుడూ నవ్వుమొహం. గొంతు తేనె. "మీరిద్దరూ ఒక మాట మీదికి వచ్చేదాకా రాజముద్ర నా దగ్గరుంచండి, చాలు" అన్నాడు. ఉంచారు. వాళ్ళు ఒక మాట మీదికి వస్తే ముద్ర తిరిగి ఇచ్చెయ్యాలి కదా! అందుకని వాళ్ళని ఎప్పటికీ కలవనిచ్చేవాడు కాదు. తెల్లపాగాల చెవిలో ఒకటి, ఎర్రపాగాల చెవిలో ఒకటి చెప్పేవాడు. పైగా వాడు పెద్ద మాంత్రికుడు. వాడి ఎదుట నిలబడి ఎదురుచెప్పినవాడు నిలబడ్డచోటే రాయైపోయేవాడు.

ఒక ఏడాది ఎర్రపాగాలతో కలిసి తెల్లపాగాలందరినీ ఊరినుంచి వెళ్ళగొట్టాడు. వాళ్ళు అఖాతానికి అవతల ఇసుకదిబ్బల మీద గుడిసెలు వేసుకున్నారు. గాలి తేటగా ఉన్నరోజున అక్కడినుంచి చంద్రరేవు బురుజులు సన్నగా, సూదుల్లా కనబడేవి. దేచయ రోజూ పొద్దున్నే అటు తిరిగి కూర్చునేవాడు.

"ఇప్పుడు గవ్వలవీధిలో దోసెల పెనం వేసుంటారు" అనేవాడు. కాసేపాగి, "మా గుమ్మం పక్కన గొల్లామె పాలకుండ దించుంటుంది" అనేవాడు.

ఆయనకి ముగ్గురు కొడుకులు. గుండన్న, మాచన్న, బేతన్న. తండ్రి అలా చిక్కిపోతుంటే చూడలేక పెద్దవాడు గుండన్న కత్తి పట్టుకుని వెళ్ళాడు. రేవు మెట్ల దగ్గర సుముఖుడి ఎదుట కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే రాయైపోయాడు. రెండోవాడు మాచన్న చేతులు జోడించుకుని అక్కడికే వెళ్ళాడు. "అయ్యా, మా నాన్నని ఊళ్ళోకి రానివ్వండి" అన్నాడు. సుముఖుడు నవ్వాడు. మాచన్న చేతులు జోడించినవాడు జోడించినట్టే రాయైపోయాడు.

"నేను వెళ్తాను నాన్నా" అన్నాడు చిన్నవాడు బేతన్న.

"ఇద్దరిని పోగొట్టుకున్నానురా. ఇక ఊరూ వద్దు, గద్దే వద్దు. నువ్వుండు చాలు" అని దేచయ వాడి చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

"నేను వాడి ఎదుటికి వెళ్ళను నాన్నా. వాడి బలం ఎక్కడుందో కనుక్కుంటాను" అని చెప్పి, చెయ్యి విడిపించుకుని, ఎర్రపాగా చుట్టుకుని పట్నంలోకి వెళ్ళాడు బేతన్న.

బావి దగ్గర దాహమడిగాడు. నీళ్ళు తోడుతున్న అమ్మాయి వాడి దోసిట్లో నీళ్ళు పోస్తూ, నెమ్మదిగా, "తెల్లపాగా వాడివి, ఎందుకొచ్చావు?" అంది.

బేతన్నకి నీళ్ళు పొలమారాయి. "ఎలా తెలిసింది?"

"మావాళ్ళు పాగా కుడికి చుడతారు. నువ్వు ఎడమకి చుట్టావు. సరిచేసుకో, ఎవరైనా చూస్తారు."

ఆ అమ్మాయి పేరు మైలమ. ఎవరో కాదు, బొప్పయ నాయకుడి కూతురు. తెల్లపాగాలు పోయాక సుముఖుడికి బొప్పయతో పని తీరిపోయింది. ఆయన్ని ఆయన బురుజులోనే పెట్టి తాళం వేశాడు. తండ్రికి పిడికెడు అన్నం పెట్టనిస్తాడని మైలమ ఆ మాంత్రికుడికి వడ్డన చేస్తోంది.

"వాడి ప్రాణం వాడి దగ్గర లేదు" అంది మైలమ. "ఊళ్ళో ఎవరూ చిలుకల్ని పెంచకూడదని దండోరా వేయించాడు. కుక్కలకి లేదు, పిల్లులకి లేదు, చిలుకలకే ఎందుకు? ప్రతి నెలా ఒక పడవ నిండా జామపళ్ళు వేసుకుని పడమటికి పోతుంది. దానికి సరంగు లేడు, మంత్రంతో పోతుంది. ఖాళీగా తిరిగొస్తుంది. ఆ పళ్ళు తినేది ఎవరు?"

"ఆ పడవ ఎప్పుడు?"

"రేపు తెల్లవారగానే. నేనూ వస్తాను."

మర్నాడు ఇద్దరూ జామపళ్ళ గంపల మధ్య దాక్కున్నారు. పడవ కదిలింది. ఒక సముద్రం దాటింది. రెండో సముద్రం దాటింది. మూడో సముద్రంలో ముసలి తాబేలొకటి తెగిన వలలో చుట్టుకుని గింజుకుంటోంది. బేతన్న దూకి వల కోశాడు. "మేలు చేశావు నాయనా, పిలిస్తే వస్తాను" అని తాబేలు మునిగిపోయింది.

నాలుగో సముద్రంలో ఇద్దరికీ తగాదా వచ్చింది. "మా పిన్ని ఇల్లు తగలబెట్టింది మీవాళ్ళే" అన్నాడు బేతన్న. "మా బాబాయిని రేవులో పొడిచింది మీవాళ్ళే" అంది మైలమ. రెండూ నిజమే. ఇద్దరూ పడవ మధ్యలో తాడు కట్టి, అటు ఒకరు ఇటు ఒకరు కూర్చున్నారు. ఐదో సముద్రందాకా మాటల్లేవు. తాగేనీళ్ళు అయిపోయాయి, అయినా మాటల్లేవు.

అప్పుడు గాలం గుచ్చుకున్న గూడబాతొకటి వచ్చి సరిగ్గా ఆ తాడు మీద వాలింది. పక్షిని పట్టుకోవాలంటే ఒకరు కావాలి, గాలం లాగాలంటే ఇంకొకరు కావాలి. మైలమ పట్టుకుంది. బేతన్న లాగాడు. గూడబాతు ఎగిరిపోయి, దూరాన ఒక దీవిలోని వాగునుంచి ముక్కుసంచి నిండా మంచినీళ్ళు తెచ్చింది.

"ఏ వైపు పొయ్యమంటారు?" అని అడిగింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "ఆమెకి" అన్నాడు బేతన్న. "అతనికి" అంది మైలమ. గూడబాతుకి విసుగొచ్చింది. "ముందు ఆ తాడు విప్పండి. నా ముక్కు నొప్పెడుతోంది" అంది. విప్పేశారు.

ఆరో సముద్రమూ దాటారు. అక్కడ చంద్రరేవులో మైలమ కనబడక సుముఖుడు ఊరంతా వెతికించాడు. ఎక్కడా లేకపోయేసరికి అనుమానమొచ్చి మంత్రంతో పడవని వెనక్కి పిలిచాడు. ఏడో సముద్రం నడుమ పడవ గిర్రున వెనక్కి తిరిగింది. "తాతా!" అని కేకేశాడు బేతన్న. తాబేలు పైకి తేలింది. ఇద్దరూ దాని వీపు మీదికి దూకారు.

ఏడో సముద్రం అవతల చిన్న దీవి. దీవిలో ఒకే చెట్టు, చెట్టుకి పంజరం, పంజరంలో పచ్చని చిలుక. పులి లేదు, పాము లేదు, కాపలా ఏదీ లేదు.

"కాపలా ఎందుకు?" అంది చిలుక. "తెల్లపాగా వాడి చెయ్యీ ఎర్రపాగా వాళ్ళ చెయ్యీ ఒకదాని మీద ఒకటి పడితేనే ఈ గొళ్ళెం వస్తుంది. అది ఎన్నటికీ జరగదని వాడి ధైర్యం."

బేతన్న గొళ్ళెం మీద చెయ్యి పెట్టాడు. ఆ చేతి మీద మైలమ చెయ్యి పెట్టింది. గొళ్ళెం ఊడిపోయింది. బేతన్న చిలుక మెడ పట్టుకోబోయాడు.

"నన్ను చంపకు" అంది చిలుక. "నేను మీ ఊరిదాన్నే. గవ్వలవీధి వేపచెట్టు తొర్రలో పుట్టాను. వాడు పట్టుకొచ్చి తన ప్రాణం నాలో దాచాడు. నేను పంజరంలో ఉన్నంతకాలమే వాడి మంత్రం పారుతుంది. నేను మన ఊరి ఆకాశంలో మూడుసార్లు తిరిగితే వాడి పని అయిపోతుంది. కానీ ఎగరడం మర్చిపోయాను."

తాబేలు వీపు మీద తిరుగుప్రయాణం. దారిపొడుగునా, మళ్ళీ వెంట వచ్చిన గూడబాతు చిలుకకి ఎగరడం నేర్పింది. మొదటిరోజు మూరెడు. రెండో రోజు బారెడు. మూడో రోజు నీళ్ళలో పడింది. మైలమ తీసి కొంగుతో తుడిచింది. చిలుక వణుకుతూనే, "ఆ వేపచెట్టు ఇంకా ఉందా?" అని అడిగింది. "ఉంది" అంది మైలమ.

వాళ్ళు మిట్టమధ్యాహ్నం రేవు చేరారు. చేరేసరికి ఏముంది? సుముఖుడు అప్పటికే ఎర్రపాగాలతో "మీ పిల్లని తెల్లవాళ్ళు ఎత్తుకుపోయారు" అన్నాడు. అవతల ఒడ్డుకి మనిషిని పంపి "మీ బేతన్నని ఎర్రవాళ్ళు సముద్రంలో ముంచేశారు" అనిపించాడు. రెండువైపులవాళ్ళూ కత్తులతో, బల్లేలతో రేవులో ఎదురెదురుగా నిలబడ్డారు. దేచయ కూడా వచ్చాడు. నిలబడే ఓపిక లేక బల్లెం మీద ఆనుకున్నాడు.

చిలుకని చూడగానే సుముఖుడి మొహంలో రంగు మారింది. కానీ నవ్వు మారలేదు. రేవు మెట్లు దిగి వచ్చి, బేతన్న చెవిలో ఏదో అన్నాడు. మైలమ చెవిలో ఏదో అన్నాడు.

"ఏమన్నాడు?" అని అరిచారు జనం.

బేతన్న గొంతు విప్పేలోగా చిలుక మాట్లాడింది. అచ్చం సుముఖుడి గొంతుతో. "బేతన్నా, చిలుకనిస్తే నీ అన్నల్ని బతికిస్తాను, గద్దె నీ ఒక్కడిదే, ఎర్రపాగాలని తుడిచేద్దాం. మైలమా, చిలుకనిస్తే మీ నాన్నని వదులుతాను, తెల్లపాగాలని తుడిచేద్దాం."

వాడి ప్రాణం చిలుకలో ఉంది కదా, ఇన్నేళ్ళుగా వాడు ఎవరి చెవిలో ఊదినా దానికి వినబడుతూనే ఉంది. ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. ఎర్రపాగా ముసలాడొకడు తలపట్టుకుని, "ఇదే మాట నాతో అన్నాడు, ఆ రాత్రే కదా మనం వాళ్ళ ఇళ్ళకి నిప్పు పెట్టాం" అన్నాడు. తెల్లపాగాల్లో ఒకడు బల్లెం కింద పడేశాడు.

బేతన్న రాయైన అన్నలవైపు చూశాడు. మైలమ బురుజు కిటికీవైపు చూసింది. చిలుకనిస్తే ఇప్పుడే, ఈ క్షణమే, వాళ్ళు దక్కుతారు. మైలమ కళ్ళ నిండా నీళ్ళు. అయినా ఇద్దరూ కలిసి చిలుకని పైకి విసిరారు.

మొదటి చుట్టు తిరిగింది. సుముఖుడి జుట్టు తెల్లబడింది. రెండో చుట్టు తిరిగింది. నడుం వంగిపోయింది. మూడో చుట్టుకి రెక్కలు నొప్పెట్టి కిందికి జారింది. జనమంతా, ఎర్రపాగాలూ తెల్లపాగాలూ, "ఎగురమ్మా, ఎగురు" అని గొంతులు చించుకున్నారు. ఎగిరింది. మెట్ల మీద సుముఖుడు కప్పుకున్న ఉత్త పట్టుశాలువా మిగిలింది.

గుండన్న చేతిలో కత్తి ఠంగుమని కింద పడింది. మాచన్న జోడించిన చేతులు విప్పి ముందుగా ముక్కు గోక్కున్నాడు. బేతన్న ఇద్దరినీ ఒకేసారి కావలించుకున్నాడు. మైలమ బురుజు తాళం బద్దలుకొట్టి తండ్రిని నడిపించుకొచ్చింది.

దేచయ ఆయన్ని పోల్చుకోలేకపోయాడు. చాలాసేపు చూసి, "బావా, నువ్వేనా?" అన్నాడు.

"నేనే. బాగా చిక్కిపోయావేరా" అన్నాడు బొప్పయ.

"మా ఇల్లు చూపించు బావా. ఒక్కసారి చూసుకుంటాను."

బొప్పయ తల వంచుకున్నాడు. "లేదురా. పడగొట్టించాను. ఆ రాళ్ళతోనే నా బురుజు కట్టుకున్నాను. అందులోనే నన్ను ఖైదు చేశాడు." అని రేవు మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. దేచయ కోపం తెచ్చుకుందామని చూశాడు. రాలేదు. వెళ్ళి పక్కనే కూర్చున్నాడు.

గద్దె ఎవరిదన్న మాట మళ్ళీ వచ్చింది. ఈసారి దేచయ "నాకొద్దు" అన్నాడు. బొప్పయ "నాకూ వద్దు" అన్నాడు. ఊరివాళ్ళంతా బేతన్నని ఎక్కమన్నారు. "మైలమ పక్కన కూర్చుంటేనే" అన్నాడు బేతన్న. "నన్నడిగావా?" అంది మైలమ. అప్పుడు అడిగాడు. ఆమె ఒప్పుకుంది.

ఐదు రోజుల పెళ్ళి. రెండు బాజాలూ కలిసి వాయించాయి, మొదటి రోజు శ్రుతి కుదరక చెవులు హోరెత్తిపోయాయనుకోండి. ఒక్కరి మాట విని ఎవరినీ ఊరు వెళ్ళగొట్టకూడదన్నది బేతన్న, మైలమ పెట్టిన మొదటి కట్టడి. బురుజులు దించిన రాళ్ళతో కాలిపోయిన ఇళ్ళు కట్టించారు. గుండన్న ఓడలు చూసుకున్నాడు, మాచన్న తగవులు విన్నాడు. నలభై ఏళ్ళు చల్లగా ఏలారు.

ఆ పెళ్ళి భోజనాలప్పుడు దేచయ, బొప్పయ ఒకే విస్తరి దగ్గర కూర్చున్నారట. చిన్నప్పుడు రాజుగారు తమని భుజాల మీద ఎక్కించుకుని పాడిన పాట ఏమిటని గుర్తుచేసుకున్నారట. పడవ పాట అన్నాడు దేచయ. కాదు, వానపాట అన్నాడు బొప్పయ. ఎంతసేపు తడుముకున్నా ఇద్దరికీ మొదటి మాట కూడా రాలేదట. చివరికి దేచయ నోటికొచ్చిన కూనిరాగం ఏదో తీశాడట. అది కాదని బొప్పయకి తెలుసు. తెలిసీ, కళ్ళు తుడుచుకుని, తనూ గొంతు కలిపాడట.