రేకు సుంకులమ్మ

అనగనగా అంటే ఎప్పుడని నన్నడగొద్దు. గాలిమోటరును, అదే విమానాన్ని, చూసి ఎద్దులు కాడి తెంపుకొని ఉరికే కాలం అది. ఊ కొట్టండి, చెబుతా.

ఒక మెట్ట ఊళ్లో ఒక దొర. ఆ దొరకొక చిన్న గాలిమోటరు, ఇద్దరు పట్టేంతది. దాన్ని నడిపేవాడు మస్తాను. పొలాల మీద మందు చల్లి వచ్చేవాడు. మోటరు పరుగెత్తి లేచేందుకు ఊరి బయట పొడుగాటి బాట చదును చేశారు. ఆ బాట కొసన చచ్చిన గొడ్లను పడేసే గుంత. గుంత మీద ఎప్పుడూ గద్దలే గద్దలు. ఏం తెలివో మన పెద్దోళ్లది!

ఆ గద్దల్ని తోలేది సుంకులమ్మ. మొగుడు పోయిన మనిషి. మోటరు లేచే ముందు బాట కొసదాకా నడవాలి. మోటరుకు ఎదురుగా నిలబడి డబ్బా రేకు కొట్టాలి. డాం, డాం, డాం! గద్దలు చెదిరిపోయేవి, మోటరు ఆమె నెత్తి మీదుగా లేచిపోయేది. మళ్లీ ఇంటికి నడక. మోకాళ్లు పీకేవి, నడుము లాగేది, అయినా పోయేది. పోక ఏం చేస్తుంది, కూడు కావద్దా?

ఊళ్లో ఎవరు ప్రయాణమైనా ఆమె గోడ చాటుకు తప్పుకునేది. మొగుడు పోయిన ఆడది ఎదురైతే చెడు శకునమట, పాడు లోకం! మస్తాను ఒక్కడే అడిగి ఎదురు రమ్మనేవాడు.

"అక్కా, నువ్వు ఎదురొస్తేనే నా బండి లేచేది," అని నవ్వేవాడు. ఆ మాట కోసమే ఆమె అంత దూరం నడిచేది.

ఒకనాడు దొరకు తానూ ఎక్కాలని బుద్ధి పుట్టింది. రేకు పట్టుకొని బయల్దేరిన సుంకులమ్మను చూశాడు.

"నేనెక్కే పూట ఈ మొహమా ఎదురు? పోయి షెడ్డు వెనక కూర్చో!"

"దొరా, గద్దలు..." అన్నాడు మస్తాను.

"గద్దలకు జడిస్తే మోటరెందుకురా? ఎక్కు!"

సుంకులమ్మ షెడ్డు వెనక కూర్చుంది. మోటరు మోగింది. మనసాగక లేచింది. "కూర్చో," అన్నాడు అక్కడ కాపలా పెట్టిన దొర మనిషి. గుంత మీద గద్దలు కిందికి దిగి తిరుగుతున్నాయి. మళ్లీ లేచింది. "కూర్చోవే, నా కూడు పోతుంది," అన్నాడు. వాడు మోటరును చూడ్డానికి పోయాడు. మూడోసారి ఆపేవాడే లేడు. లేవబోతే మోకాళ్లే కూర్చోమన్నాయి. అంత దూరం నడిచి తిట్లు తినడమెందుకులే అనుకొని కూర్చుంది.

మోటరు తాటిచెట్టంత ఎత్తు లేచిందో లేదో, గద్ద వచ్చి ముందు గిర్రున తిరిగే రెక్కకు కొట్టుకుంది. మోత ఆగిపోయింది. మోటరు జొన్నచేలో కూలింది.

అప్పుడు ఉరికింది సుంకులమ్మ, మోకాళ్లు మరిచిపోయి. దొరకు కాలు విరిగింది. మస్తాను ప్రాణం పోయింది. తల ఒళ్లో పెట్టుకొని, "ఇదుగో, ఎదురొచ్చినా కదరా తమ్ముడా, లెయ్యి," అని ఏడ్చింది.

మంచం మీద మోసుకుపోతుంటే దొర అరిచాడు. "ఆ ముండమోపి ఎక్కడో ఎదురొచ్చే ఉంటుంది!"

"రాలేదు దొరా," అంది సుంకులమ్మ. "రాకపోబట్టే పోయినాడు."

ఆ మాట ఊరంతా విన్నది.

దొర మళ్లీ మోటరు కొనలేదు. సుంకులమ్మ మాత్రం రోజూ బాట కొసకు పోయి రేకు కొట్టేది. డాం, డాం, డాం!

"ఇంకెక్కడి మోటరే, పిచ్చిదానా?" అనేవాళ్లు.

"ఆనాడు లేవలేదు కదమ్మా, ఈనాడన్నా లేస్తున్నా," అనేది.

అట్లా నడిచి నడిచి, అలిసి అలిసి, ఒకనాడు ఆ బాట మీదే పోయింది. రేకు చేతిలోనే ఉంది.

అప్పుడుగాని ఆమె మాట ఊరి తలకెక్కలేదు. ఇప్పటికీ ఆ పక్క ఎవరు బస్సెక్కినా, లారీ ఎక్కినా, మొగుడు పోయిన అమ్మను పిలిచి ఎదురు రమ్మంటారు. ఇంట్లో ఎవరో ఒకరు పళ్లెం మీద మూడు దెబ్బలు కొడతారు. గుంతంటారా, అది అక్కడే ఉంది, మనవాళ్లు అంత తొందరగా మారతారా?

తెలియక ఎవరన్నా అట్లాంటి అమ్మను పక్కకు పొమ్మన్నారో, ముసలోళ్లు కర్ర ఎత్తుతారు.

"మళ్లీ సుంకులమ్మను కూర్చోబెడతావురా?" అంటారు.